బీమ్‌లో కణాలెన్ని, వాటి వేగమెంత?

జెనీవా దగ్గర యూరప్ దేశాల కణ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థ సెర్న్ భూగర్భంలో తవ్విన 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో ఒకదాని తర్వాత ఒకటిగా రెండు పెద్ద యాక్సిలరేటర్లు, అంటే కణాలకు శక్తినిచ్చి పరిగెత్తించే యంత్రాలు, పనిచేశాయి. 1989 నుంచి 2000 దాకా నడిచినది ఎల్ఈపీ. అందులో తిరిగిన ఎలక్ట్రాన్ల శక్తి చివరి ఏడాదికల్లా 104.5 జీఈవీకి చేరింది. జీఈవీ అంటే వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఇప్పుడు అదే సొరంగంలో ఎల్‌హెచ్‌సీ ఉంది. దాన్ని 7,000 జీఈవీ ప్రోటాన్ల కోసం డిజైన్ చేశారు. ఈ రెండిట్లో ఏ కణాలు ఎక్కువ వేగంగా పోతాయని అడిగితే చాలామంది ఆలోచించకుండా ఎల్‌హెచ్‌సీ ప్రోటాన్లే అంటారు. శక్తి 67 రెట్లు ఎక్కువ కాబట్టి వేగం కూడా ఎక్కువే ఉండాలని అనిపిస్తుంది. అసలు సంగతి వేరు. వేగంలో ముందున్నది ఎల్ఈపీ ఎలక్ట్రాన్లే.

కణాల సంఖ్య విషయంలోనూ ఇలాంటి చిక్కే ఒకటుంది. సెర్న్‌లోనే 1971 నుంచి 1984 దాకా ఐఎస్ఆర్ అనే ప్రోటాన్ల రింగు పనిచేసింది. అందులో ఒక్క బీమ్‌లో, అంటే ఒకే దిశలో పోయే కణాల ధారలో, 57 ఆంపియర్ల కరెంటు దాకా నిలబెట్టగలిగారు. ఎల్‌హెచ్‌సీ డిజైన్ కరెంటు 0.58 ఆంపియరు మాత్రమే. అంటే ఐఎస్ఆర్‌లో వంద రెట్లు ఎక్కువ ప్రోటాన్లు తిరిగేవా? కాదు. మూడున్నర రెట్లే.

ఈ రెండు లెక్కలకూ పెద్ద గణితం అక్కర్లేదు. భాగహారం, వర్గమూలం వస్తే చాలు. తప్పులన్నీ సూత్రంలో ఏ అంకె వేయాలన్న దగ్గరే జరుగుతాయి. శక్తి అంటే ఏ శక్తి, కరెంటు అంటే ఎంత సమయానికి సగటు తీసిన కరెంటు, ఒక్కో కణం మీద ఆవేశం ఎంత అన్న మూడు ప్రశ్నలు ముందే అడిగితే మిగతాదంతా సాఫీగా సాగిపోతుంది.

శక్తి నుంచి వేగానికి

ఒక ఎలక్ట్రాన్ ఆవేశమంత ఆవేశం ఉన్న కణం ఒక వోల్టు తేడాను దాటితే దానికి వచ్చే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు. పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు ఒక ఎంఈవీ, వెయ్యి ఎంఈవీలు ఒక జీఈవీ. కణాల ద్రవ్యరాశిని కూడా ఈ కొలతలోనే చెప్పడం ఈ రంగంలో అలవాటు. ప్రోటాన్ కదలకుండా ఉన్నప్పుడు కూడా దాని ద్రవ్యరాశిలో 938.27 ఎంఈవీ శక్తి ఇమిడి ఉంటుంది. ఎలక్ట్రాన్‌కు అది 0.511 ఎంఈవీ. దీన్ని విరామ శక్తి అంటారు.

స్కూల్లో నేర్చుకున్న సూత్రం ప్రకారం గతిజ శక్తి అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చేది. పాత టీవీ పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ల శక్తి సుమారు 25 వేల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ సూత్రంలో వేస్తే వాటి వేగం కాంతివేగంలో 31.3 శాతమని వస్తుంది. నిజానికి అది 30.2 శాతం. పెద్ద తేడా కాదు. ఇప్పుడు క్యాన్సర్ రేడియేషన్ చికిత్స యంత్రంలో ఉండే 6 ఎంఈవీ ఎలక్ట్రాన్‌ను అదే సూత్రంలో వేసి చూడండి. వేగం కాంతివేగానికి 4.8 రెట్లని వస్తుంది! అంత వేగంతో ఏ కణమూ పోలేదు కాబట్టి ఇక్కడ ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం తప్పనిసరి.

దాని ప్రకారం లెక్క రెండే మెట్లు. మొదట గామా అనే అంకె కనుక్కోవాలి. గతిజ శక్తిని విరామ శక్తితో భాగించి, వచ్చినదానికి 1 కలిపితే గామా.

గామా = 1 + (గతిజ శక్తి ÷ విరామ శక్తి)

ఆ తర్వాత బీటా. అంటే కణం వేగం కాంతివేగంలో ఎన్నో వంతన్నది.

బీటా = వర్గమూలం (1 − 1 ÷ గామా²)

క్యాన్సర్‌కు చేసే ప్రోటాన్ చికిత్సలో వాడే 230 ఎంఈవీ ప్రోటాన్‌ను తీసుకుందాం. 230ని 938.27తో భాగిస్తే 0.2451. ఒకటి కలిపితే గామా 1.2451. దాని వర్గం 1.5503. ఒకటిని దానితో భాగిస్తే 0.6450. ఒకటిలోంచి తీసేస్తే 0.3550. వర్గమూలం 0.596. అంటే ఆ ప్రోటాన్ కాంతివేగంలో 59.6 శాతం వేగంతో, సెకనుకు దాదాపు 1,79,000 కిలోమీటర్లు పోతోంది. పాత సూత్రం ఇదే ప్రోటాన్‌కు 70 శాతమని చెబుతుంది.

ఇందులో కిలోగ్రాములు, జౌళ్లు ఎక్కడా రాలేదు. చాలామంది విద్యార్థులు ఎంఈవీని జౌళ్లలోకి, ద్రవ్యరాశిని కిలోగ్రాముల్లోకి మార్చి, పదికి మైనస్ 27వ ఘాతం లాంటి అంకెలతో కుస్తీ పడతారు. అది వృథా శ్రమ. పైగా పొరపాటుకు అవకాశం పెంచుతుంది. మనకు కావలసింది రెండు శక్తుల నిష్పత్తి. రెండూ ఒకే యూనిట్‌లో ఉంటే చాలు.

ఈ నిష్పత్తిలోనే ఎల్ఈపీ, ఎల్‌హెచ్‌సీల చిక్కు విడిపోతుంది. ప్రోటాన్ ఎలక్ట్రాన్ కంటే 1,836 రెట్లు బరువు. 7,000 జీఈవీ ప్రోటాన్ గామా 7,461 దాకా వస్తే, 104.5 జీఈవీ ఎలక్ట్రాన్ గామా సుమారు 2,04,500. శక్తి 67 రెట్లు తక్కువైనా, తేలిక కాబట్టి ఎలక్ట్రాన్ గామాయే 27 రెట్లు పెద్దది. వేగాన్ని తేల్చేది గామాయే.

ఇక్కడ కాలిక్యులేటర్‌తో ఒక ఇబ్బంది వస్తుంది. ఎల్ఈపీ ఎలక్ట్రాన్ బీటాను నేరుగా లెక్కకడితే మామూలు కాలిక్యులేటర్ ‘1’ అని చూపించి ఊరుకుంటుంది. దాని తెర మీద పట్టే అంకెలు ఆ తేడాను చూపడానికి చాలవు. ఇలాంటప్పుడు వేగాన్ని కాకుండా, కాంతివేగానికి ఎంత తక్కువ ఉందో లెక్కకట్టడం మంచిది. గామా పెద్దదైతే ఆ లోటు, కాంతివేగాన్ని గామా వర్గానికి రెట్టింపుతో భాగించినంత. ఎల్‌హెచ్‌సీ ప్రోటాన్‌కు ఇలా చేస్తే సెకనుకు 2.7 మీటర్లు వస్తుంది. సెకనుకు 29,97,92,458 మీటర్లు పోయే కాంతితో పోటీలో ఆ ప్రోటాన్ వెనకబడేది అంతే. ఎల్ఈపీ ఎలక్ట్రాన్ వెనకబడేది సెకనుకు 3.6 మిల్లీమీటర్లు.

వేగం ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది

సెర్న్‌లో ప్రోటాన్లు ఎల్‌హెచ్‌సీ దాకా చేరే దారిని మెట్టుమెట్టుగా చూస్తే శక్తికీ వేగానికీ సంబంధం బాగా తెలుస్తుంది. మొదటి యంత్రం లినాక్-4 కణాలకు 160 ఎంఈవీ ఇస్తుంది. లినాక్ అంటే కణాలు తిన్నగా పోయే యాక్సిలరేటర్. అక్కడ వేగం కాంతివేగంలో 52 శాతం. తర్వాతి బూస్టర్ 2 జీఈవీకి తీసుకెళ్తుంది. వేగం 94.8 శాతం. ఆ తర్వాత పీఎస్ అనే రింగులో 26 జీఈవీ, 99.93 శాతం. ఎస్‌పీఎస్‌లో 450 జీఈవీ, 99.99978 శాతం. ఆఖరున ఎల్‌హెచ్‌సీలో 7,000 జీఈవీ, 99.9999991 శాతం.

మొదటి రెండు మెట్లలోనే వేగం పెరగడం దాదాపు అయిపోయింది! చివరి మెట్టులో శక్తి పదిహేను రెట్లు దాటి పెరుగుతుంది, వేగం మాత్రం పది లక్షల్లో రెండు వంతులు పెరుగుతుంది. అందుకే ఎల్‌హెచ్‌సీలో కణాలను తోసే రేడియో తరంగాల పౌనఃపున్యం 400.79 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉండిపోతుంది. 450 నుంచి 7,000 జీఈవీ దాకా వెళ్లేటప్పుడు అది ఒక కిలోహెర్ట్జ్ కూడా మారదు. బూస్టర్‌లో అలా కుదరదు. ఒక్కో చుట్టుకు పట్టే సమయం గణనీయంగా తగ్గిపోతుంటుంది కాబట్టి పౌనఃపున్యాన్ని కూడా దానికి తగ్గట్టు పెంచుకుంటూ పోవాలి.

వార్తల్లో యాక్సిలరేటర్ల గురించి రాసినప్పుడల్లా ‘కాంతివేగంలో 99.99... శాతం’ అన్న అంకెనే ముందు పెడతారు. నా దృష్టిలో అది యంత్రం గురించి దాదాపు ఏమీ చెప్పని అంకె. 450 జీఈవీకీ 7,000 జీఈవీకీ తేడా చూపలేని కొలతతో పాఠకుడికి ఏం తెలుస్తుంది? గామా చెబితే తెలుస్తుంది. 480 అన్నది 7,461 అయింది అంటే ఏం జరిగిందో కళ్లకు కడుతుంది.

ఇక ‘ఏ శక్తి’ అన్న ప్రశ్న. 230 ఎంఈవీ ప్రోటాన్ అన్నప్పుడు అది గతిజ శక్తి. పీఎస్ విషయంలో 26 అని రాసేది నిజానికి ద్రవ్యవేగం, శక్తి కాదు. కొన్నిచోట్ల విరామ శక్తి కూడా కలిపిన మొత్తం శక్తి రాస్తారు. ఒక ప్రోటాన్ మీద ‘3 జీఈవీ’ అని మాత్రమే రాసి ఉందనుకుందాం. అది గతిజ శక్తి అయితే వేగం కాంతివేగంలో 97.1 శాతం. మొత్తం శక్తి అయితే 95.0 శాతం. ద్రవ్యవేగం అయితే 95.4 శాతం. 7,000 జీఈవీ దగ్గర ఈ తేడా కనపడదు. కానీ విరామ శక్తికి దగ్గర్లో ఉన్న శక్తుల దగ్గర ఇదే అసలు తప్పుకు మూలం.

బరువైన అయాన్ల దగ్గర ఇంకో మెలిక ఉంది. క్యాన్సర్‌కు చేసే కార్బన్ అయాన్ల చికిత్సలో బీమ్ శక్తిని ‘న్యూక్లియాన్‌కు 430 ఎంఈవీ’ అని చెబుతారు. న్యూక్లియాన్ అంటే కేంద్రకంలోని ప్రోటాన్ లేదా న్యూట్రాన్. కార్బన్ కేంద్రకంలో 12 న్యూక్లియాన్లున్నాయి కాబట్టి మొత్తం 5,160 ఎంఈవీ. వేగం కనుక్కోవడానికి 430ని న్యూక్లియాన్ వంతు విరామ శక్తి అయిన 931.5తో భాగించాలి. గామా 1.46, వేగం 73 శాతం. తొందరలో 5,160ని ప్రోటాన్ విరామ శక్తితో భాగిస్తే 98.8 శాతమని వస్తుంది. చూడటానికి నమ్మదగ్గట్టుగానే ఉంటుంది, పూర్తిగా తప్పు.

వేగాన్ని నేరుగా కొలవవచ్చా

కొలవవచ్చు. బీమ్ దారిలో కొంత దూరంలో రెండు పికప్‌లు (కణాలు దాటడాన్ని పసిగట్టే సెన్సర్లు) పెట్టి, కణాల గుంపు మొదటిదాన్ని దాటిన క్షణానికీ రెండోదాన్ని దాటిన క్షణానికీ మధ్య సమయం తీస్తారు. దూరాన్ని సమయంతో భాగిస్తే వేగం. వినడానికి సులువే కానీ, బీమ్‌లో గుంపులన్నీ ఒకేలా ఉంటాయి. రెండో పికప్ దగ్గర కనిపించిన గుంపు మొదటి పికప్ చూసినదేనా, దాని ముందుదా, వెనకదా? పికప్‌ల మధ్య ఒకే సమయంలో ఎన్ని గుంపులున్నాయో తెలియకపోతే జవాబు ఒకటి కాదు, చాలా వస్తాయి. అందుకని మొదటి రెండిటినీ దగ్గరగా పెట్టి ముందు ముతక అంచనా తెచ్చుకుంటారు. మూడో పికప్‌ను దూరంగా పెట్టి దాన్ని సానబెడతారు.

రింగులో అయితే ఇంకా తేలిక. చుట్టుకొలతను సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే వేగం. ఎల్‌హెచ్‌సీ చుట్టుకొలత 26,659 మీటర్లు, ప్రోటాన్లు సెకనుకు 11,245 చుట్లు తిరుగుతాయి. గుణిస్తే దాదాపు కాంతివేగం.

దీన్నుంచి వెనక్కి వెళ్లి శక్తిని కనుక్కుందామంటే మాత్రం పని జరగదు. వేగంలో శక్తి జాడ పది లక్షల్లో రెండు వంతులకు దిగిపోయింది కదా. అక్కడ పనికొచ్చేది అయస్కాంతం. కణాన్ని వంచడానికి ఎంత బలమైన అయస్కాంత క్షేత్రం కావాలన్నది దాని ద్రవ్యవేగం మీద ఆధారపడుతుంది. ఒక ఎలక్ట్రాన్ ఆవేశమంత ఆవేశం ఉన్న కణానికి ద్రవ్యవేగం, జీఈవీ లెక్కలో, 0.2998 × క్షేత్రం టెస్లాల్లో × వంపు వ్యాసార్ధం మీటర్లలో. ఎల్‌హెచ్‌సీ అయస్కాంతాల క్షేత్రం 8.33 టెస్లాలు, వంపు వ్యాసార్ధం 2,804 మీటర్లు. మూడింటినీ గుణిస్తే సుమారు 7,000. ఆ యంత్రం శక్తికి పరిమితి పెట్టేది ఈ గుణకారమే.

కరెంటు నుంచి సంఖ్యకు

ఇప్పుడు కణాలను లెక్కపెడదాం. ఒక్కో ప్రోటాన్ మీద ఆవేశం 1.602 × 10⁻¹⁹ కూలుంబులు. ఒక ఆంపియరు అంటే సెకనుకు ఒక కూలుంబు. భాగిస్తే, ఒక ఆంపియరు బీమ్ అంటే సెకనుకు 6.24 × 10¹⁸ ప్రోటాన్లు. మిల్లీ ఆంపియరుకు 6.24 × 10¹⁵. నానో ఆంపియరుకు 624 కోట్లు. ఈ 6.24 అన్న అంకె ఒక్కటి గుర్తుంటే చాలు, ఏ బీమ్‌కైనా సెకనుకు ఎన్ని కణాలో నోటిలెక్కగా చెప్పొచ్చు.

స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్‌లో 590 ఎంఈవీ సైక్లోట్రాన్ (ఒక రకం గుండ్రటి యాక్సిలరేటర్) ఉంది. దాన్నుంచి 2.4 మిల్లీ ఆంపియర్ల దాకా ప్రోటాన్ బీమ్ వస్తుంది. అంటే సెకనుకు 1.5 × 10¹⁶ ప్రోటాన్లు టార్గెట్‌ను తాకుతాయి. మరి ఏదో ఒక క్షణంలో, బీమ్ పైపులో ఒక మీటరు పొడవున ఎన్ని ప్రోటాన్లుంటాయి? ఇది వేరే ప్రశ్న. వేగం, సంఖ్య ఇక్కడ కలుస్తాయి. సెకనుకు దాటే కణాల సంఖ్యను వేగంతో భాగిస్తే మీటరుకు ఉన్న కణాలు వస్తాయి. 590 ఎంఈవీ ప్రోటాన్ వేగం కాంతివేగంలో 79 శాతం, అంటే సెకనుకు 23.7 కోట్ల మీటర్లు. భాగిస్తే మీటరుకు సగటున 6.3 కోట్ల ప్రోటాన్లు.

దీన్ని ఒక రాగి తీగతో పోల్చి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత వైశాల్యం ఉన్న రాగి తీగలో మీటరుకు సుమారు 8.5 × 10²² స్వేచ్ఛా ఎలక్ట్రాన్లుంటాయి. ఒక ఆంపియరు పారుతున్నప్పుడు అవి కదిలేది సెకనుకు మిల్లీమీటరులో పదో వంతు కంటే తక్కువ. అదే ఒక ఆంపియరును కాంతివేగంతో పోయే బీమ్ మోయాలంటే మీటరుకు 2.1 × 10¹⁰ కణాలు చాలు. కరెంటు ఒకటే, కణాల సంఖ్యలో తేడా నాలుగు లక్షల కోట్ల రెట్లు! అంటే వేగం తెలియకుండా కరెంటు ఒక్కదాన్ని చూసి పైపులో ఎన్ని కణాలున్నాయో చెప్పలేం.

రింగుల్లో లెక్క ఇంకో రకంగా తిరుగుతుంది. గుండ్రటి ట్రాక్ పక్కన కూర్చుని, ముందు నుంచి పరిగెత్తిపోయే ప్రతి మనిషికీ ఒక గీత గీస్తున్నామనుకోండి. ట్రాక్ చిన్నదైతే అదే మనిషి నిమిషంలో నాలుగుసార్లు వస్తాడు, నాలుగు గీతలు పడతాయి. గీతలు ఎక్కువున్నంత మాత్రాన మనుషులు ఎక్కువున్నట్టు కాదు. రింగులో కరెంటు మీటర్ చేసే పని కూడా ఇదే. అందుకే మొత్తం కణాల సంఖ్య కావాలంటే కరెంటును ఒక చుట్టుకు పట్టే సమయంతో గుణించి, కణం ఆవేశంతో భాగించాలి.

ఎల్‌హెచ్‌సీలో ఒక చుట్టుకు పట్టేది 89 మైక్రోసెకన్లు. 0.58 ఆంపియరును దానితో గుణించి, ఆవేశంతో భాగిస్తే 3.2 × 10¹⁴ ప్రోటాన్లు. ఐఎస్ఆర్ చుట్టుకొలత 943 మీటర్లే. ఒక చుట్టు 3.15 మైక్రోసెకన్లలో అయిపోతుంది. 57 ఆంపియర్లతో అదే లెక్క చేస్తే 1.1 × 10¹⁵ ప్రోటాన్లు. కరెంటులో వంద రెట్ల తేడా సంఖ్యలో మూడున్నర రెట్లుగా తగ్గిపోయింది.

ఎల్‌హెచ్‌సీ సంఖ్యను ఇంకో వైపు నుంచి కూడా సరిచూడొచ్చు. డిజైన్ ప్రకారం ఒక బీమ్‌లో 2,808 గుంపులు, ఒక్కో గుంపులో 11,500 కోట్ల ప్రోటాన్లు. ఈ గుంపులనే బంచ్‌లంటారు. గుణిస్తే అదే 3.2 × 10¹⁴. ఒక్కో ప్రోటాన్ శక్తితో గుణిస్తే బీమ్‌లో దాగి ఉన్న మొత్తం శక్తి 36 కోట్ల జౌళ్లు. ఇంత శక్తిని మోస్తున్న పదార్థం మొత్తం బరువు చూస్తే గ్రాములో వంద కోట్లో వంతు కూడా ఉండదు.

సగటు ఏ సమయానికి?

0.58 ఆంపియరు అన్నది సగటు. బీమ్ తెగని ధారలా ఉండదు. ఎల్‌హెచ్‌సీలో బంచ్‌కూ బంచ్‌కూ మధ్య దూరం ఏడున్నర మీటర్లు, బంచ్ పొడవు మాత్రం జానల్లో కొలిచేంతే. ఒక బంచ్ మీటర్ ముందు నుంచి పోతున్న ఆ క్షణంలో కరెంటు దాదాపు 30 ఆంపియర్లకు ఎగబాకుతుంది, మిగతా సమయమంతా సున్నా. బీమ్ పైపు గోడలు వేడెక్కడం, కణాలు ఒకదాన్నొకటి తోసుకోవడం లాంటివాటికి ఈ శిఖరం కరెంటే ముఖ్యం. మొత్తం సంఖ్యకు సగటు కరెంటు కావాలి. ఒకదాని చోట ఇంకోటి వేస్తే జవాబు యాభై రెట్లు తప్పుతుంది.

విడివిడి పల్స్‌లుగా నడిచే యంత్రాల్లో ఈ ఉచ్చు మరీ లోతు. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో న్యూట్రాన్ల కోసం కట్టిన ఎస్ఎన్ఎస్ సెకనుకు 60 పల్స్‌లు వదులుతుంది. అది 1 జీఈవీ ప్రోటాన్లతో 1.4 మెగావాట్ల దగ్గర పనిచేసినప్పుడు సగటు కరెంటు 1.4 మిల్లీ ఆంపియర్లు. దాన్ని 60తో భాగించి, ఆవేశంతో భాగిస్తే ఒక్కో పల్స్‌లో 1.5 × 10¹⁴ ప్రోటాన్లు. కానీ లినాక్‌లో ఒక్కో పల్స్ దాదాపు ఒక మిల్లీసెకను మాత్రమే ఉంటుంది. అంటే సెకనులో 6 శాతం సమయమే బీమ్ ఉంటుంది. ఆ 6 శాతంలో కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది. తర్వాత ఒక రింగు ఆ పల్స్‌ను మైక్రోసెకను కంటే తక్కువకు కుదిస్తుంది. అవే ప్రోటాన్లు, అదే సంఖ్య. టార్గెట్ దగ్గరికొచ్చేసరికి ఆ క్షణపు కరెంటు పదుల ఆంపియర్లలో ఉంటుంది. ఒకే బీమ్‌కు మూడు కరెంటులు, మూడూ నిజమే. ఏ కరెంటని చెప్పకుండా అంకె ఒక్కటే రాస్తే దానికి అర్థం లేదు.

ఆవేశం కూడా అంతే. అయాన్ల మీద ఒకటి కంటే ఎక్కువ ఆవేశాలుంటాయి కాబట్టి కరెంటును ఆ సంఖ్యతో కూడా భాగించాలి. సెర్న్‌లో సీసం అయాన్లు పీఎస్ రింగులో 54 ధనావేశాలతో తిరుగుతాయి. ఎస్‌పీఎస్‌లోకి వెళ్లే ముందు ఒక పల్చటి రేకులోంచి దూసుకుపోయి మిగిలిన ఎలక్ట్రాన్లన్నీ పోగొట్టుకుని 82 ధనావేశాలతో బయటికొస్తాయి. ఆ రేకు దగ్గర నూటికి 5 అయాన్లు నష్టమయ్యాయనుకుందాం. వేగం దాదాపు మారలేదు. మీటర్ మాత్రం కరెంటు 44 శాతం పెరిగిందని చూపిస్తుంది. కణాలు తగ్గితే కరెంటు పెరిగింది! ఈ గందరగోళం లేకుండా ఉండటానికే అయాన్లతో పనిచేసేవాళ్లు కరెంటును అయాన్ ఆవేశంతో భాగించి, ‘కణ నానో ఆంపియరు’ అనే వేరే కొలత వాడతారు.

మీటర్‌ను ఎంత నమ్మాలి

కణాలను లెక్కించే అన్నిటికంటే సూటి పద్ధతి ఫారడే కప్. ఒక మందపాటి లోహపు గిన్నెలో బీమ్‌ను పూర్తిగా ఆపి, పోగైన ఆవేశాన్ని తీగ ద్వారా మీటర్‌లోకి పంపడమే. దీనిలో లోపం గిన్నె అడుగునే ఉంది. ప్రోటాన్ లోహాన్ని తాకినప్పుడు అక్కడి నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు ఎగిరిపడతాయి. ఒక ఎలక్ట్రాన్ గిన్నె దాటి బయటికి పోతే, మీటర్‌కు అది ఇంకో ప్రోటాన్ వచ్చినట్టే లెక్క. అందుకే గిన్నె మూతి దగ్గర రుణ వోల్టేజి ఉన్న ఒక రింగు పెట్టి ఆ ఎలక్ట్రాన్లను తిరిగి లోపలికి నెడతారు. ఎలక్ట్రాన్ బీమ్‌లో తప్పు దీనికి వ్యతిరేక దిశలో వస్తుంది. వెనక్కి తన్నుకుపోయిన ఎలక్ట్రాన్లు లెక్కలోంచి జారిపోయి సంఖ్య తక్కువ కనిపిస్తుంది.

ఫారడే కప్‌తో కొలిస్తే బీమ్ ఉండదు. రింగులో గంటల తరబడి తిరిగే బీమ్‌కు దాన్ని వాడలేం. అక్కడ పైపు చుట్టూ ట్రాన్స్‌ఫార్మర్ లాంటి వలయం పెట్టి, బీమ్ తన చుట్టూ కలిగించే అయస్కాంత క్షేత్రాన్ని చూస్తారు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ మారుతున్న కరెంటునే పట్టుకుంటుంది. నిలకడగా పారే కరెంటు దానికి కనిపించదు. ఐఎస్ఆర్ బీమ్ సరిగ్గా అలాంటిది, అందులో బంచ్‌లుండేవి కావు. దానికోసం సెర్న్‌లో క్లాస్ ఉన్సర్ 1960ల చివర్లో ఒక పరికరాన్ని రూపొందించాడు. అయస్కాంత వలయాలను ఏసీ కరెంటుతో రెండు దిశల్లోనూ సంతృప్తం చేస్తూ, అంటే అయస్కాంతత్వం ఇక పెరగనంత దాకా నింపుతూ పోతే, బీమ్ లేనప్పుడు రెండు వైపులా సమానంగా ఉంటుంది. బీమ్ ఉంటే ఆ సమానత్వం చెడుతుంది. దాన్ని మళ్లీ సరిచేయడానికి ఎంత ఎదురు కరెంటు పంపాల్సి వచ్చిందో బీమ్ కరెంటు సరిగ్గా అంత. బీమ్‌ను ముట్టుకోకుండానే కొలిచే ఈ పద్ధతి ఇవాళ ప్రపంచంలో చాలా రింగుల్లో ఉంది.

చాలా బలహీనమైన బీమ్‌లను ఈ పరికరాలు చూడలేవు. కరెంటు పికో ఆంపియరు కంటే తక్కువైతే, అంటే సెకనుకు 60 లక్షల కణాల కంటే తక్కువైతే, సింటిలేటర్ (కణం తగిలినప్పుడల్లా మెరిసే పదార్థం) పెట్టి ఒక్కో కణాన్నే లెక్కపెట్టడం మేలు. అయితే రెండు కణాలు మరీ దగ్గరగా వస్తే డిటెక్టర్ వాటిని ఒకటిగా లెక్కేస్తుంది కాబట్టి ఆ నష్టాన్ని సరిదిద్దుకోవాలి.

ఇన్ని అంకెల మధ్య లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి నాకు అన్నిటికంటే నచ్చిన దారి వేడి. ఒక్కో కణం శక్తిని సెకనుకు వచ్చే కణాల సంఖ్యతో గుణిస్తే బీమ్ పవర్. ఒకే ఆవేశం ఉన్న కణాలకు ఎంఈవీని మిల్లీ ఆంపియర్లతో గుణిస్తే నేరుగా కిలోవాట్లు వస్తాయి. పాల్ షెరర్ బీమ్‌కు 590 × 2.4 = 1,416 కిలోవాట్లు. టార్గెట్ చుట్టూ తిరిగే చల్లటి నీరు ఎంత వేడెక్కిందో చూసి దీన్ని వేరుగా కూడా అంచనా వేయొచ్చు.

1964లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఎంఐటీకి చెందిన విలియం బెర్టోజీ ఈ కొలతలన్నిటినీ ఒకచోట చేర్చాడు. ఎలక్ట్రాన్లను 8.4 మీటర్ల దూరం పరిగెత్తించి సమయం తీశాడు. గతిజ శక్తి 0.5 ఎంఈవీ ఉన్నప్పుడు వేగం సెకనుకు 26 కోట్ల మీటర్లు. 1.5 ఎంఈవీకి 28.8 కోట్లు. 4.5 ఎంఈవీకి 29.6 కోట్లు. 15 ఎంఈవీకి 30 కోట్లు, అతని గడియారం పట్టగలిగినంతలో కాంతివేగమే. శక్తి 30 రెట్లు పెరిగితే వేగం ఆరో వంతు కూడా పెరగలేదు. దీనికి ఎవరైనా ఒక అభ్యంతరం చెప్పొచ్చు. యంత్రం ఇచ్చిందనుకున్న శక్తి అసలు ఎలక్ట్రాన్లకు చేరిందా? అందుకే అతను దారి చివర ఒక అల్యూమినియం బిళ్ల పెట్టాడు. అందులో పోగైన ఆవేశంతో ఎలక్ట్రాన్ల సంఖ్య తెలిసింది. బిళ్ల ఎంత వేడెక్కిందో చూస్తే మొత్తం శక్తి తెలిసింది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే ఒక్కో ఎలక్ట్రాన్ మోసుకొచ్చిన శక్తి వచ్చింది. కొలతలో ఉండే కొద్దిపాటి తేడాకు లోబడి, అది యంత్రం ఇచ్చిందనుకున్న శక్తితో సరిపోయింది.